ఎనిమిది గంటల్లో ఏడు

నేను ఒక టేపు ముక్కను. సరిగ్గా చెప్పాలంటే ఏడు ముక్కలు కలిస్తే నేను. పుట్టినప్పుడు నా పొడవు రెండు వేల నాలుగు వందల అడుగులు. ఇప్పుడు ముప్పై అయిదు. మిషను మీద పెడితే యాభై ఆరు సెకన్లలో అయిపోతాను. చక్రానికి చుట్టి ఉంచినా నాకు కుదురు లేదు. అతుకు ఉన్న ప్రతిచోటా ఎగదన్నుతుంటాను.

ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప తుప్పు పొడి పూసి నన్ను చేశారు. తుప్పు పట్టిందని మనుషులు మేకును పారేస్తారు. అదే తుప్పు మీద పాటలు దాచుకుంటారు. విశాఖపట్నంలో ఒక క్యాసెట్ కంపెనీ స్టూడియోకు చేరాను. మొదట నా మీద హరికథ ఎక్కించారు. మూడు నెలలకు చెరిపేశారు. తర్వాత ఎరువుల ప్రకటన. అదీ చెరిపేశారు. 1991 జూన్‌లో సన్యాసిరావు వచ్చాడు.

సన్యాసిరావుది విజయనగరం. పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. భార్య గవరమ్మ జనపనార మిల్లులో నూలు చుట్టే మిషను మీద పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తోంది. పక్కనే మగ్గాల షెడ్డు. ఆ చప్పుడుకు ఆమె చెవులు పోతున్నాయి. ముందు పైస్థాయి పోయింది: ఈల, సైకిలు బెల్లు, పక్కింటి పిల్లల మాటలు. కింది స్థాయి ఇంకా అందుతోంది. అది ఒక ఏడాది ఉంటుందన్నాడు డాక్టరు. ఆ ఏడాదిలోగా ఆమె పని గురించి, ఆమె వినగలిగేలా పాటలు చేయాలని సన్యాసిరావు పట్టు పట్టాడు.

షిఫ్టు పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. గంటకొకటి చొప్పున ఎనిమిది పాటలు కట్టాడు. ప్రతి పాటకు ముందు క్లారినెట్ అడుగు స్వరాల్లో ఎనిమిది సెకన్ల బిట్టు పెట్టాడు. బాణీ ఒకటే, నడక వేరు. మొదటి గంటకు నిద్ర వదలని నడక. నాలుగో గంటకు ఆకలి. ఊపిరి అందనట్టు పరుగెత్తుతుంది. అయిదో గంటకు అన్నం తిన్న బరువు. పాటలో మాటలు గవరమ్మకు అందవు. బిట్టు అందుతుంది. దాన్ని పట్టుకుని ఎన్నో గంటలో ఉన్నామో తెలుసుకుంటుంది. నాలుగు నెలలు ఇంట్లో వాయించి వినిపించాడు. "అలగ్గాదు, నాలుగో గంటకి అంత నిదానమేటి?" అని ఆమె దిద్దింది.

ఇదంతా అతను ఎడిటర్ దీక్షితులుకు చెబుతున్నప్పుడు మైకు తెరిచే ఉంది. అలా నాకు తెలిసింది.

రికార్డింగు రెండు రోజులు సాగింది. మూడో రోజు కంపెనీ యజమాని విశ్వనాథం వినడానికి కూర్చున్నాడు. మూడో పాట మొదలవగానే చెయ్యెత్తాడు.

"మళ్లీ ఇదేనా? ఏమయ్యా, అప్పగింతల దాకా ఒకే పాట వాయిస్తే పెళ్లివారు ఊరుకుంటారా?"

"ఇది పెళ్లి కాదండి, షిఫ్టండి. ఎనిమిది గంటలూ ఒకటే మిల్లు కదండీ."

"కొన్నవాడికి మిల్లెందుకు? ఒకే పాట రెండుసార్లు ఎక్కిందంటాడు, క్యాసెట్టు కొట్టుకి తిరిగి తెస్తాడు. కిందటేడు తేలేదూ? మొదటి పాటకి ఉంచు. మిగతా ఏడూ తీసేయండి దీక్షితులు గారూ. లేకపోతే క్యాసెట్టు లేదు."

సన్యాసిరావు అరగంట వాదించాడు. తర్వాత బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

దీక్షితులు పసుపు పెన్సిలుతో గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోశాడు. ముక్కకు అయిదడుగులు. ఒక్కొక్కటీ మెడలో వేసుకున్నాడు. పని అయ్యాక పారేయడానికి మనసొప్పక, చేతికి వచ్చిన వరసలో అతికించి, చిన్న చక్రానికి చుట్టి సన్యాసిరావుకు ఇచ్చాడు. అన్నీ ఒకటే కదా అనుకున్నాడు. మిగిలిన నన్ను కాపీలు తీయడానికి మదరాసు పంపారు. ఆ నన్ను మళ్లీ చూడలేదు.

అప్పటి నుంచి క్లారినెట్ పెట్టెలో ఉన్నాను. పార్వతీపురం, పాలకొండ, బొబ్బిలి. ప్రతి ముహూర్తానికీ బస్సు టాపు మీద కుదుపులు. పెట్టె తెరిచినప్పుడల్లా నన్ను వింటారేమో అని ఎదురుచూశాను. రీలు మిషను ఆ ఇంట్లో లేదు.

సెప్టెంబరులో క్యాసెట్టు వచ్చింది. గవరమ్మ టేప్‌రికార్డరుకు చెవి ఆనించి కూర్చుంది. మొదటి బిట్టుకు వేలు మడిచింది. రెండో వేలు మడవకుండానే ఒక వైపు అయిపోయింది. రెండో వైపూ అయిపోయింది.

"ఏటయ్యా, ఒక్క గంటకే గేటు తీసీసినారేటి? మిగతా ఏడూ ఏవి?"

సన్యాసిరావు క్లారినెట్ పెట్టె తెరిచి నన్ను చూపించాడు. మర్నాడు ఆమెను, నన్ను వెంటబెట్టుకుని విశాఖ బస్సు ఎక్కాడు.

స్టూడియోలో దీక్షితులు నన్ను మిషనుకు ఎక్కించి స్పీకరు పక్కన కుర్చీ వేశాడు. మొదటి గంట నా దగ్గర లేదు కాబట్టి సన్యాసిరావే నిలబడి వాయించాడు. తర్వాత నేను మొదలయ్యాను. రెండు, మూడు. గవరమ్మ వేళ్లు మడుస్తోంది. అంతలో లేచి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపండి బావూ. కూడు తినీసినాక ఆకలేటండి? అయిదో గంట ముందొచ్చీసినాది, నాలుగోది ఎనకుండిపోనాది."

"అన్నీ ఒకటే కదమ్మా," అన్నాడు దీక్షితులు. మిల్లులో పెదవులు చూసే మాట్లాడుకుంటారు. ఆమె అతని పెదవులు చూసింది.

"ఒకటెలగవుతాయి? పొద్దున్న ఆరింటికీ మజ్జాన్నం రెండింటికీ నా కాళ్లు ఒకలాగే ఉంటాయేటి?"

దీక్షితులు ఇరవై రెండేళ్లుగా టేపు కోస్తున్నాడు. నన్ను వెనక్కి తిప్పి, ఆ రెండు ముక్కలనూ పక్కపక్కనే పెట్టి మూడుసార్లు విన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేనే కోశాను," అన్నాడు, ఎవరితోనూ కాకుండా. మదరాసులో కాపీలు అయిపోయాయి. ఇక దిద్దగలిగింది నన్నొక్కదాన్నే. అతుకులు ఊడదీసి, ఆమెను అడిగి అడిగి వరస మార్చాడు.

మళ్లీ మొదటి గంట సన్యాసిరావు వాయించాడు. నేను అందుకున్నాను. నాలుగో గంట పరుగెత్తింది, అయిదో గంట నిదానించింది. ఆరుకు ఆమె రెండో చేతిని తీసింది. ఏడుకు కళ్లు మూసుకుంది. ఎనిమిదోది అయ్యాక లేచి, చీర దులుపుకుని, కొంగు దోపుకుంది.

"పద," అంది మొగుడితో. "రెండయింది."

ఇద్దరూ తలుపు దాకా నడిచారు. దీక్షితులు మిషను ఆపడం మరిచిపోయాడు. నా కొస టపటపా కొట్టుకుంటూ తిరుగుతూనే ఉంది.