ఎనిమిది వారాల మాట

మా వ్యాపారంలో వారమంటే ఏడు రోజులు కాదు. వాన పడిన రోజు లెక్కలోకి రాదు. తనిఖీ అధికారి రాని రోజు రాదు. కాంక్రీటు వాళ్ళు ఇంకో ఇంటికి వెళ్ళిపోయిన రోజు అసలే రాదు. పైగా లెక్క మొదలయ్యేది సంతకం పెట్టిన రోజున కాదు, పెరట్లో తవ్వకం మొదలైన రోజున. ఇంటి పెరట్లో ఈతకొలను కట్టడానికి ఎంతకాలం పడుతుందని అడిగిన ప్రతివాళ్ళకీ పదకొండేళ్ళుగా ఎనిమిది వారాలనే చెబుతున్నాను. మేం కట్టినవాటిలో ఒక్కటి కూడా అయిదు నెలల లోపు పూర్తి కాలేదు. మా యజమాని డ్వేన్ అయితే ఆ ఎనిమిదిని కంపెనీ బండ్ల మీద పెద్దక్షరాలతో రాయించాడు. జనం ఆలస్యానికి తిట్టుకుంటారు. నీళ్ళు నిండి పిల్లలు దూకడం మొదలుపెట్టాక అంతా మర్చిపోతారు. ఆ మతిమరుపు మీదే నా జీతం నడిచింది.

టిడ్‌వెల్ దంపతుల ఇంటికి నేను వెళ్ళింది మార్చి రెండో వారంలో. అరిజోనాలో ఆ నెలలో ఎండ ఇంకా మనిషిని బతకనిస్తుంది. వెర్నాకి అరవై ఎనిమిదేళ్ళు, ఆరిన్‌కి డెబ్బై. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు కాలువల మీద లస్కరు పని చేసి రిటైరయ్యాడు. తూములు ఎత్తి, వంతుల ప్రకారం ఊళ్ళో పెరళ్ళకి నీళ్ళు వదిలే ఉద్యోగం. ఇప్పుడాయనకి కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడే జబ్బు. వంటింటి బల్ల దగ్గర చక్రాల కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని చల్లటి టీ తాగుతున్నాడు.

"ఊరందరి పెరళ్ళకీ నీళ్ళు వదిలాను. నా పెరడు మాత్రం ఎండబెట్టాను" అన్నాడు ఆరిన్. "ఇప్పుడు నేను పోయేముందు మా ఆవిడకి పూల్ మీద మోజు పుట్టింది."

"ఊరుకో ఆరిన్" అంది వెర్నా. తర్వాత నావైపు తిరిగింది. "చూడమ్మా, అక్టోబరు దాకా ఎంతోకొంత సత్తువ ఉంటుందన్నారు డాక్టర్లు. ఈయన నేల మీద నిలబడలేడు. నీళ్ళలో అయితే నిలబడతాడు, నడుస్తాడు కూడా. ఆస్పత్రి పూల్‌లో నా కళ్ళతో చూశాను. వాళ్ళిచ్చిన పన్నెండు సార్లూ అయిపోయాయి. మా అమ్మాయి కారిస్ శాన్ డియాగోలో ఉంటుంది. వాళ్ళింట్లో పూల్ ఉంది, వచ్చి ఉండిపొమ్మంటోంది. ఎండలు ముదిరేలోపు ఇక్కడ అయిపోతుందంటే మేం ఇక్కడే ఉంటాం. లేదంటే వచ్చే వారమే బయల్దేరతాం. అందుకే అడుగుతున్నా. ఎన్నాళ్ళు పడుతుంది?"

"నేనైతే బ్యాగు సర్దుకునే ఉన్నాను. మా అల్లుడు కాఫీ బాగా పెడతాడు" అన్నాడు ఆరిన్.

ఆ రోజు నా సంగతి కూడా చెప్పాలి. మూడు నెలలుగా నా చేత ఒక్క కొలనూ అమ్ముడుపోలేదు. ఈ నెల కూడా ఇంతే అయితే నేను తిరిగి అమ్మే పేటని ఇంకొకరికి ఇచ్చేస్తానని ముందురోజే డ్వేన్ మొహం మీద చెప్పాడు. మొగుడు వదిలేసి వెళ్ళిన ఇల్లు, ఒంటి జీతం. ఇవన్నీ సాకులే, నాకు తెలుసు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆరు నెలలు పడుతుంది, మీ అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోండి అంటే చాలు.

"ఎనిమిది వారాలండీ" అన్నాను.

వెర్నా భర్తవైపు చూసింది. "విన్నావుగా" అంది.

ఆయన కాసేపు కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. అక్కడ ఆయనే నాటిన నారింజ చెట్టు నిండా పూసి ఉంది. నేను గీసుకొచ్చిన ప్లాను ప్రకారం కొలను లోతైన భాగం సరిగ్గా అక్కడికే వస్తుంది.

"అయితే బ్యాగు విప్పాలన్నమాట" అన్నాడు.

సంతకాలయ్యాయి. ఆ తర్వాత జరిగినదంతా ఎప్పుడూ జరిగేదే. ఆ కాలనీలో ఏం కట్టాలన్నా కమిటీ ఒప్పుకోవాలి, అది నెలకొకసారి కూర్చుంటుంది. ఏప్రిల్‌లో కూర్చుని, మోటారు చప్పుడు పక్కింటికి వినిపిస్తుందని ప్లాను మార్చమంది. మార్చిన ప్లానుని మే నెలలో ఒప్పుకుంది. ఆ తర్వాత ఊరి కార్యాలయంలో అనుమతి. అక్కడ మా కాగితం మీద ఇంకో నలభై కాగితాలున్నాయి. నేను చెప్పిన ఎనిమిది వారాలు పూర్తయిన రోజున పెరట్లో జరిగిన పనల్లా నారింజ చెట్టు కొట్టేయడమే.

వెర్నా ఫోన్ చేసింది. "ఎనిమిది వారాలూ అయిపోయాయమ్మా."

"లెక్క తవ్వకం మొదలైన రోజు నుంచండీ" అన్నాను.

"ఆ ముక్క ఆ రోజు అనలేదే నువ్వు."

"కాగితంలో ఉంది కదండీ, నాలుగో పేజీలో."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టేవాళ్ళకి సర్దిచెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

మే చివర్లో పొక్లెయిన్ వచ్చింది. రెండడుగులు తవ్వగానే తెల్లటి బండ తగిలింది. సున్నం పట్టి రాయిలా బిగుసుకుపోయిన నేల అది, మా ప్రాంతమంతా ఉంటుంది. పొక్లెయిన్ నడిపే చూయ్ అనే అతను ఇంజను ఆపి కిందికి దిగాడు.

"ఇది మట్టి కాదు మేడమ్, దేవుడు పోసిన కాంక్రీటు" అన్నాడు. "దీన్ని పగలగొట్టి మనం మళ్ళీ కాంక్రీటే పోస్తాం. మనకంటే తెలివితక్కువ వాళ్ళుంటారా?"

"రెండడుగుల కింద బండ ఉంటుందని మార్చిలోనే చెప్పేవాణ్ణి" అన్నాడు ఆరిన్, గుమ్మంలో కుర్చీలోంచి. "నన్నెవరూ అడగలేదు."

నన్ను కూడా ఎవరూ అడగలేదు. అడక్కపోయినా నాకు తెలుసు. ఆ బండ పగలడానికే పదహారు రోజులు పట్టింది.

జూన్‌లో కారిస్ నాకు ఫోన్ చేసింది. అంతకుముందు ఆవిడ గొంతు నేనెప్పుడూ వినలేదు. పేరు చెప్పగానే తిడుతుందని సిద్ధపడ్డాను. కానీ ఆవిడ బతిమాలింది.

"గ్లెండా గారూ, మా అమ్మ నా మాట వినదు. మీరు చెబితే వింటుంది. మా నాన్న ఈ నెలలో వస్తే ఇక్కడ పూల్‌లో ఇంకా నడవగలడు. మీ పని ఎన్నాళ్ళు పడుతుందో నాకు నిజం చెప్పండి. నేను మిమ్మల్ని ఏమీ అనను, దావా వేయను. రేపే కారేసుకుని వచ్చి తీసుకెళ్తాను."

ఇంతకంటే తేలిగ్గా నిజం చెప్పే అవకాశం ఎవరికీ రాదు. అప్పటికి ఇంకా మూడు నెలల పని ఉంది. కానీ వాళ్ళు వెళ్ళిపోతే పని సగంలో ఆగుతుంది. ఆగితే డ్వేన్ నన్ను నిలదీస్తాడు. ఎనిమిది వారాలని చెప్పిన నోటితోనే మూడు నెలలని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు కూడా.

"అసలు కష్టమంతా అయిపోయిందండీ. ఇంకో నాలుగు వారాలు" అన్నాను.

"నిజంగానా?"

"నిజంగానే."

ఫోన్ పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా తిరిగి ఫోన్ చేయలేదు.

జూలై మొదటి వారంలో కాంక్రీటు పడింది. మా పద్ధతిలో గోడలు పోత పోయరు, ఇనుప ఊచల మీద లావుపాటి గొట్టంతో చిమ్ముతారు. తర్వాత పది రోజులపాటు రోజుకి మూడుసార్లు ఇంటివాళ్ళే దాన్ని తడపాలి. లేదంటే నెర్రెలు విచ్చుతుంది. ఆ పని ఆరిన్ తీసుకున్నాడు. అప్పటికి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. వెర్నా నీళ్ళ గొట్టాన్ని కుర్చీ చేతికి గుడ్డతో కట్టేది. ఆయన ఎడమచేత్తో దాన్ని కొద్ది కొద్దిగా తిప్పుతూ, ఒక్క మూల కూడా వదలకుండా తడిపేవాడు. నేను వెళ్ళిన రోజున నూట పన్నెండు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో గడ్డిటోపీ పెట్టుకుని ఆ పనే చేస్తున్నాడు.

"లస్కరుకి మళ్ళీ ఉద్యోగం దొరికింది" అన్నాడు నన్ను చూసి. మాట అప్పటికే కొంచెం ముద్దగా వస్తోంది. "ఏమ్మా, నేను ముందు ఆరిపోతానా, ఇది ముందు ఆరుతుందా?"

ఆ రోజు నుంచి నేను నిజంగానే కాళ్ళరిగేలా తిరిగాను. కొలను అంచుకి అంటించే పలకలు వేరే రాష్ట్రం నుంచి రావాలంటే, మా గిడ్డంగిలో ఇంకొకరి కోసం పెట్టినవి తెచ్చి ఇక్కడ అంటించాను. ఆగస్టులో దుమ్ము తుఫానూ దాని వెనకే వానా వచ్చి గోతిలో మోకాలిలోతు బురద నింపితే, చూయ్‌తో పాటు నేనూ బకెట్లు ఎత్తాను. చివరి పూత వేసేవాళ్ళు మూడు వారాల దాకా కుదరదంటే, బతిమాలి రెండు వారాలకి తెచ్చాను. చుట్టూ కంచె సరిగ్గా ఉందని అధికారి సంతకం పెట్టేదాకా చుక్క నీరు వదలకూడదు. ఆయన వచ్చి గేటు గడియ పిల్లలకి అందని ఎత్తులో లేదని, నాలుగంగుళాలు కిందికి ఉందని చెప్పి వెళ్ళిపోయాడు. గడియ మార్చి, ఆయన మళ్ళీ వచ్చేసరికి ఇంకో తొమ్మిది రోజులు. ఆ ఇంటి కోసం పడ్డంత పాటు నేనింకే ఇంటికీ పడలేదు. పడి ఏం లాభం? మార్చిలో ఒక్క మాట చెప్పి ఉంటే ఈ పాట్లన్నీ అక్కర్లేదు.

సెప్టెంబరు ఇరవైన నీళ్ళు వదిలాం. మధ్యలో ఆపితే కొత్త పూత మీద ఆ మట్టానికి గీత పడి ఎప్పటికీ పోదు. అందుకే రెండు పగళ్ళూ రెండు రాత్రులూ గొట్టం ఆగకుండా పారింది. ఇంకో వారం తర్వాత నీళ్ళలో దిగొచ్చన్నాం.

దిగే రోజున నేనూ వెళ్ళాను. పట్టీల కుర్చీలో ఆరిన్‌ని కిందికి దించారు. ఆస్పత్రి నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకున్నారు. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. ఆయన కాళ్ళు అడుగుని ముట్టుకున్నాయి కానీ నిలబడలేదు, నీళ్ళు ఎటు కదిపితే అటు ఊగాయి. మెడ వాలిపోతుంటే ఒకతను గడ్డం కింద చెయ్యి పెట్టాడు. నాలుగు నిమిషాల్లో పెదవులు నీలంగా మారాయి. బయటికి తీసేశారు. తువ్వాలు చుడుతుంటే ఆయన ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. వెర్నాకి అర్థమైంది, కానీ ఎవరికీ చెప్పలేదు. ఆయన మళ్ళీ నీళ్ళలో దిగలేదు. డిసెంబరు పదకొండున పోయాడు.

జనవరిలో నేను మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. డ్వేన్ పంపలేదు, నా అంతట నేనే వెళ్ళాను. ఇంకో ఇంట్లో కూర్చుని ఆ అంకె పలకలేక వెళ్ళాను. వెర్నా పెరట్లో పొడుగాటి కర్రకున్న బ్రష్‌తో కొలను గోడలు రుద్దుతోంది. కొత్త పూతకి నాచు పట్టకుండా అలా రుద్దుతూ ఉండాలని చెప్పింది కూడా నేనే.

"వెర్నా గారూ, మీతో ఒక మాట చెప్పాలి" అన్నాను. "ఎనిమిది వారాలు కాదని నాకు ముందే తెలుసు. ఆరు నెలలని తెలిసే చెప్పాను. జూన్‌లో కారిస్‌కి కూడా అబద్ధమే చెప్పాను. నేను నిజం చెప్పి ఉంటే ఆయన శాన్ డియాగోలో..."

"నడిచేవాడు" అంది వెర్నా. బ్రష్ ఆపలేదు.

"నన్ను క్షమించండి."

ఆవిడ ఆ గోడ చివరిదాకా రుద్దింది. తర్వాత కర్రని కంచెకి ఆనించి నావైపు తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ కళ్ళు పొడిగా ఉన్నాయి.

"నీకంటే ముందు ఇద్దరొచ్చారు" అంది. "ఒకతను అయిదు నెలలన్నాడు. ఇంకొకతను ఆరన్నాడు. ఆ రెండుసార్లూ ఆరిన్ నిద్రపోతున్నాడు. తర్వాత మీ బండి మీద ఎనిమిది వారాలని చూసి నిన్ను పిలిచాను. నువ్వొచ్చే వేళకి ఆయన్ని లేపి బల్ల దగ్గర కూర్చోబెట్టాను."

ఆవిడ తడి చేతులు తుడుచుకుంది.

"వెళ్ళి ఉంటే కారిస్ తనింట్లో నాకొక గది ఇచ్చేది. ఆ గదిలోంచి ఆయన చావుని చూడాలి, వాళ్ళు పెట్టినప్పుడు తినాలి. ఆయనకి నీళ్ళు కావాలి. నాకు నా ఇల్లు కావాలి. వెళ్ళనని నా నోటితో అనలేకపోయాను. ఎనిమిది వారాలని ఆయన ముందు అనేవాళ్ళు ఎవరో ఒకరు కావాల్సొచ్చింది. నువ్వు అన్నావు."

"అయినా నేను అనకుండా ఉండాల్సింది" అన్నాను.

"ఉండాల్సింది" అంది. "అందుకే నీ తప్పు తెచ్చి నా ముంగిట్లో దించకు. నాది నాకే ఎక్కువైంది."

గేటు దాకా నడిచాను. వెనక నుంచి ఆవిడ పిలిచింది. కేక కాదు, మామూలు గొంతే.

"జూన్‌లో ఆయనే అడిగాడు, 'పోదామా వెర్నా, కారిస్ దగ్గరికి' అని. బండ పగలగొడుతున్న రోజుల్లో. ఇంకో నాలుగు వారాలేనట అన్నాను. 'నువ్వంటున్నావా, ఆ పూల్ అమ్మాయి అంటోందా?' అని అడిగాడు. ఆ అమ్మాయే కారిస్‌తో అందిట అన్నాను. అయితే సరే అన్నాడు."

ఆవిడ మళ్ళీ బ్రష్ తీసుకుని రెండో గోడ దగ్గరికి వెళ్ళింది.