ఘటం ఆగని గుమ్మం

గోవిందరావు బాబాయిని వదిలేసి పోదామనే అనుకున్నాను. బస్తీలో అందరూ నా మంచితనాన్ని తెగ పొగుడుతున్నారు గనక ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

భిలాయి-3 స్టేషను దాటాక నాలా ఒడ్డున మా బస్తీ. పంతొమ్మిది ఇళ్లూ విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనులకొచ్చిన వాళ్లవే. ఏటా అమ్మవారి పండక్కి ఘటం ఎత్తుతాం. కమిటీ పెద్ద గోవిందరావు ముందు నడుస్తూ ఒక్కో ఇంటినీ పేరు పెట్టి పిలుస్తాడు. పిలిచిన గుమ్మం ముందు ఘటం ఆగుతుంది. ఆ ఇంటి ఆడవాళ్లు పసుపునీళ్లతో ఘటం ఎత్తినామె కాళ్లు కడుగుతారు. ఇరవై ఏళ్లు ఆ ఘటం ఎత్తింది మా అత్త అప్పయమ్మ.

నాలా పొంగినా మాకు అదే వరస. గోవిందరావు పిలుస్తాడు, ఆడవాళ్లం చేయీ చేయీ పట్టుకుని అదే దారిలో నడుస్తాం. ఏ ఇంట్లో బాలింత ఉందో, ఎవరు మంచం దిగలేరో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. సర్కారు పడవ వచ్చేలోపు అందరినీ రైలు కట్ట ఎక్కించేస్తాం.

మూడేళ్ల క్రితం నా మొగుడు సతీష్‌కుమార్ చర్చికి వెళ్లడం మొదలుపెట్టాడు. అంతే, గోవిందరావు మా అత్త చేత ఘటం ఎత్తించడం, మా ఇంటిని పిలవడం రెండూ మానేశాడు. ఘటం పక్కింటి రోహిణి వాళ్ల గుమ్మం ముందు ఆగి, మా ఇల్లు దాటి, అవతలింటి ముందు ఆగేది. చర్చి గుమ్మం తొక్కని మా అత్త, పసుపునీళ్ల చెంబు పట్టుకుని అలాగే నిలబడేది.

పోయినేడు ఆగస్టులో పట్టపగలే నాలా పొంగింది. నేనూ ఆయనా పనిలో ఉన్నాం. గోవిందరావు వరసగా పిలిచాడు. పద్దెనిమిది ఇళ్ల వాళ్లూ కట్టెక్కారు. మా ఇల్లు ఎవరికీ తట్టలేదు. ఆడవాళ్లు కావాలని చెయ్యలేదు, కాళ్లు అలవాటైన చోటే ఆగాయి. నేనొచ్చేసరికి అత్త వంటగదిలో నీళ్లమీద తేలుతోంది.

"మరిసిపోనాం దీదీ," అని రోహిణి నా కాళ్లమీద పడి ఏడ్చింది. గోవిందరావు మాత్రం "ఆవిడ రాత" అని కండువా దులుపుకున్నాడు. ఆ మాట ఏడాదంతా నా చెవిలో పెట్టుకునే తిరిగాను.

ఈ ఏడు మళ్లీ పొంగింది. పల్లంలో ఉన్న గోవిందరావు ఇల్లే ముందు మునిగింది. పిలిచే మనిషి బయటికి రాలేదు. నేను లావుపాటి తాడు నడుముకి చుట్టుకుని ముందు నడిచాను, నేనే పిలిచాను. వరసలో మొదటిది అతని ఇల్లు. నేను రెండో ఇంటి నుంచి మొదలుపెట్టాను. ఆడవాళ్లు చేయీ చేయీ పట్టుకుని నా వెనకే నడిచారు.

అందరినీ కట్టెక్కించాక అతని ఇంటి ఎదుటి మెరక మీదికొచ్చాం. భార్య సూర్యావతి దుర్గ్‌లో కూతురి దగ్గరుంది. అతనొక్కడే మంచం మీద నిలబడి ఊచల్లేని కిటికీ చట్రం పట్టుకుని ఉన్నాడు. నీళ్లు గుండెల దాకా వచ్చాయి.

"మణీ! తాడిసురే అమ్మా!"

"ఏటి బాబాయ్, మీ గుమ్మం వరసలో నేదే."

"దీదీ, పానీ బఢ్ రహా హై, నీళ్లు పెరిగిపోతన్నాయి. తాడిచ్చీ," అని రోహిణి నా భుజం గుంజింది.

"ఉండవే. పండగనాడు పిలిచినట్టు వరసంతా పిలవమను. అప్పుడిస్తాను."

అతను పిలిచాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నా ఒక్క పేరూ తప్పలేదు. రోహిణి ఇంటి దగ్గరికొచ్చి ఆగిపోయాడు. నావైపు చూశాడు. పిలవకు, పిలవకు అని మనసులో ఎంత అనుకున్నానో! పిలవకపోతే వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయేదాన్ని.

"అప్పయమ్మ ఇల్లు," అన్నాడు.

ఇంకోసారి అనిపించాను. మూడోసారి కూడా అనిపించాను. నీళ్లు గడ్డానికి తాకాక తాడు విసిరాను. అది పట్టుకుని కిటికీలోంచి బయటపడితే అందరం కలిసి కట్ట మీదికి లాగాం.

కట్ట మీద నా చేతులు పట్టుకోబోయాడు. విదిలించుకున్నాను. విసిరినందుకు నామీద నాకే కోపం. రెండే రెండు మాటలు, తన ప్రాణమ్మీదికొస్తే ఎంత తేలిగ్గా వచ్చాయి! పోయినేడు ఒక్కసారి అని ఉంటే, మా అత్త ఇవాళ ఈ కట్ట మీద నా పక్కనే కూర్చుని, చలికి వణుకుతూ నన్ను తిడుతూ ఉండేది.