కంచె మీద రెండో బేస్

బ్రాడ్‌రన్ ఉక్కు మిల్లు బేస్‌బాల్ జట్టుకి డెబ్బై అయిదేళ్లు నిండాయి. ఇన్నేళ్లలో ఆడినవాళ్లందరిలోకీ మేటి తొమ్మిదిమందిని ఏరి, మైదానం కంచె మీద పేర్లు రాయించాలి. ఎనిమిది పేర్లు తేలాయి. రెండో బేస్ కాసే ఆటగాడి దగ్గరకొచ్చేసరికి, ఏరేవాళ్లలో ఒకతైన తెరేసా దుదాష్ మంకుపట్టు పట్టింది. అక్కడ వాళ్ల నాన్న మైక్ పేరే పడాలి. మిల్లు ఆయన ఊపిరితిత్తులు తినేసింది. కంచె మీద జానెడు చోటైనా ఇవ్వదా?

అడ్డొచ్చినవాడు స్మిత్. మూడంటే మూడు వేసవులు ఆడి, బంతిని మైక్‌ని మించి కొట్టాడు. ఎవరీ స్మిత్? ఊళ్లో వాడికి ఇల్లు లేదు, సమాధి లేదు. తెరేసాకి బుర్రలో పురుగు తొలిచినట్టయింది. పాత స్కోరు పుస్తకాలన్నీ వంటింటి బల్ల మీద పరిచింది. నలభై తొమ్మిదిలో మిల్లు కార్మికుల సమ్మె విరిగిన వారమే స్మిత్ మొదటి ఆట. ఆ ఆదివారం నుంచే నాన్న పేరు అదనపు ఆటగాళ్ల వరుసలోకి జారింది. దెబ్బ తగిలిందా? తగిలితే ఇంట్లో చెప్పుకోరా?

పుస్తకం చంకన పెట్టుకుని, ఆ రోజుల్లో బంతులు విసిరిన గస్ బార్తోష్ ఇంటికి పోయింది. ఆయన పెరట్లో టమాటా మొక్కలకి కర్రలు కడుతున్నాడు.

"గస్ బాబాయ్, ఈ స్మిత్ ఎవడు?"

"ఇన్నాళ్లకి అడిగావా తల్లీ! మీ పక్కింటి ఆంటన్ పాల్కో. సమ్మె నడిపాడని గెంటేశారుగా? మైదానంలో అడుగు పెట్టొద్దన్నారు. మేం స్మిత్ అని రాసి ఆడించాం."

"ఎవరూ పోల్చుకోలేదా?"

"పోల్చుకోకేం! మిల్లు మేనేజరే లేచి చప్పట్లు కొట్టేవాడు. గెలుపు చేదా వాళ్లకి?"

"మరి నాన్న?"

"తన చోటు వాడికిచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. 'పని పీకేశారు, ఆట కూడా పీకేస్తారా' అన్నాడు. అయినా అమ్మాయ్, పాల్కో మీ నాన్నకంటే బాగా ఆడేవాడు. మొహం అలా పెట్టకు, ఉన్నమాటేగా!"

ఆ సాయంత్రం కార్మిక సంఘం హాల్లో తెరేసా ఈ సంగతంతా చెప్పింది. ఎంపిక పెద్ద ఎడ్ హర్లీ గొంతు తగ్గించాడు.

"కంచె మిల్లుది, రంగు మిల్లుది. పాల్కో పేరు వద్దమ్మా, పాత గొడవలు లేస్తాయి. మీ నాన్న పేరే రాసేసుకో. నీక్కావలసింది అదేగా?"

అదే. వారం రోజులుగా దానికోసమే కొట్లాడింది. పెన్సిల్ పేర్ల కాగితం మీద, రెండో బేస్ దగ్గర ఆగింది.

"ఆ చోటు మా నాన్న చేజేతులా ఇచ్చాడు. నేను లాక్కోను," అంటూ పెద్ద అక్షరాల్లో రాసింది: ఆంటన్ పాల్కో.

"మిల్లు రంగు ఇవ్వనంటే?"

"డబ్బా నేను తెస్తా. నిచ్చెన నువ్వు పట్టుకో, ఎడ్."