కంద తరిగిన చేతులు

కంద తను తరుగుతానని కోటు మాస్టారు అన్నప్పుడు ఆయన భార్య నమ్మలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన వంటింట్లోకి వచ్చింది మంచినీళ్ళ కోసమే. కానీ ముందురోజు బాత్రూంలో కాలు జారి ఆమె కుడి మణికట్టు బెణికింది. కొన్న కంద మూడు రోజులుగా మూల పడి ఉంది. పైగా ఆదివారం, షాపుకి సెలవు.

బజారులో ఆయన్ను అసలు పేరుతో ఎవరూ పిలవరు. టైలరింగ్ షాపులో చొక్కాలు, ప్యాంట్లు కుట్టేవాళ్ళు ఆరుగురున్నారు. కోటు కుట్టేది ఆయనొక్కడే. ఈ మధ్య కోట్లు ఎవరూ కుట్టించుకోవడం లేదు. చాలా నెలల తర్వాత నిన్న ఒక ఆర్డరు వచ్చింది. నల్ల ఉన్ని గుడ్డ, రిటైరవుతున్న ఒక జడ్జిగారికి. రేపు పొద్దున్నే దాని మీద కత్తెర పెట్టాలి. ఆ సంగతి నిన్నటి నుంచి ఆమెకు నాలుగుసార్లు చెప్పాడు.

చేతులకి నూనె రాసుకుని మరీ తరగమని చెప్పి, ఆమె ఆరిన బట్టలు తేవడానికి మేడ మీదికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. ముక్కలన్నీ ఒకే మందం, ఒకే వెడల్పు.

"టేపు పెట్టి కొలిచారా ఏంటి?" అంది.

"కొలవకపోతే ఎలా? అసలే కందమ్మగారికి నడుము కాస్త ఎక్కువ," అన్నాడాయన.

ఆమె నవ్వింది. ఆ పూటకి అదే ఆఖరి నవ్వు.

ఆయన చేతులు కడుక్కుని హాల్లోకి వెళ్ళి పేపరు తెరిచాడు. ఆమె ఎడమ చేత్తో ముక్కల్ని రెండుసార్లు కడిగి, ఉప్పూ పసుపూ కాస్త చింతపండూ వేసి ఉడకపెట్టింది. రెండు నిమిషాలు గడిచాయో లేదో, వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. అరచేతిలోకి పాకింది. మణికట్టు దాకా మంట. ఇంత దురద కంద ఆమె ఎప్పుడూ చూడలేదు. చింతపండు రసం రాసుకుంటూ నూనె సీసా కోసం అల్మరా తెరిచింది.

కొత్త సీసా. ఇంట్లో ఉన్న నూనె అదొక్కటే. మూత మీది సీలు అలాగే ఉంది.

ఆమె చెయ్యి గోక్కోవడం ఆగిపోయింది. ముక్కలు కడిగినందుకే తన చెయ్యి ఇలా మండుతోంది. ఆయన అరగంట సేపు పచ్చి కందని ఉత్త చేతులతో పట్టుకున్నాడు. హాల్లోకి తొంగి చూసింది. ఆయన తాపీగా పేపరు తిరగేస్తున్నాడు.

పోయిన వారం, కోట్లు లేక షాపులో తను కుట్టిన తెల్ల చొక్కా ఒకటి ఇంటికి తెచ్చి ఉతకమన్నాడు. కాలరు మీద సన్నటి ఎర్ర చుక్కలు. మేకు గీసుకుందన్నాడు. పొగలు కక్కే టీ గ్లాసుని అంచు పట్టుకోకుండా నడుం దగ్గర పట్టుకుని తాగడం రెండుసార్లు చూసింది. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడుతున్నాయి.

ఆయన నీళ్ళ కోసం వచ్చాడు. ఆమె చేతికి పట్టించిన చింతపండు చూసి ఏమైందని అడిగాడు. కంద దురద అని చెప్పింది. ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. ఒక్క క్షణం. తర్వాత కుడి చేత్తో ఎడమ చేతిని బరబరా గోకడం మొదలుపెట్టాడు.

"నాకూ ఇందాకట్నుంచీ ఒకటే దురద. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు," అన్నాడు.

ఆమె ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, తనూ ఎదురుగా కూర్చుని, ఆయన చెయ్యి గట్టు మీద పెట్టించి, చింతపండు గుజ్జు తీసుకుంది. ఆయన చూపు తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూడసాగాడు. ఆమె బొటనవేలికి రాసింది. చూపుడు వేలికి రాసింది. తర్వాత తన చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"ఈ వేలు ఎలా ఉంది? తగ్గిందా?" అంది.

"ఆఁ, ఆ వేలు తగ్గింది," అన్నాడాయన, కిటికీ వైపే చూస్తూ.

ఎంతసేపటికీ ఆమె మాట వినపడక ఆయన ఇటు తిరిగాడు. గట్టు మీద తన చెయ్యి ఒక్కటే ఉంది. ఆమె చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి.

"ఎప్పట్నుంచి?"

"నాలుగు నెలలైంది," అన్నాడు.

ఇక దాచలేదు. డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళాడట. ఇన్నేళ్ళు మిషను మీద తల వంచి కూర్చున్నందుకు మెడలో నరాలు నలిగిపోయాయన్నాడట. ఆపరేషను చేస్తే ఇంకా ముదరకుండా ఆగుతుందేమో గానీ, పోయిన స్పర్శ రాదన్నాడట. కత్తెర, సూది కళ్ళతో చూస్తూ నడిపిస్తున్నానని, ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదని కాస్త గర్వంగానే చెప్పాడు. ఆమె కందముక్కల సమానమైన అంచుల వైపు చూసింది.

"ఈ ఒక్క కోటూ కుట్టనియ్యవే. తర్వాత నువ్వెలా చెబితే అలా."

ఒప్పుకోవాలనే అనిపించింది. కానీ కోటు లోపలి పొరల్ని బట్టకి అతకడం కళ్ళ పని కాదు, వేళ్ళ పని అని ఆయనే వందసార్లు చెప్పాడు. ఎక్కడ బిగువో ఎక్కడ వదులో వేలికే తెలుస్తుందని.

"లోపల గుడ్డ ముడత పడితే మీకెలా తెలుస్తుంది?" అంది మెల్లగా.

ఆయన లేచి, షాపు ఓనరుకి ఫోను చేస్తూ హాల్లోకి వెళ్ళాడు.

ఆమె ఉడికిన ముక్కల్ని వార్చి, ఎడమ చేత్తోనే బాణలి పెట్టి నూనెలో వేసింది. చిటపటల్లో మాటలు వినపడక మంట తగ్గించింది. ఆయన ముందు జడ్జిగారి కొలతల గురించి మాట్లాడాడు, కుడి భుజం అర అంగుళం దిగువుందని, అది మర్చిపోవద్దని.

"లేదండీ. నేను కుట్టలేను. ఇంకెవరికైనా ఇవ్వండి," అన్నాడు.

ఆమె మంట పెంచింది. ముక్కలు ఎర్రగా వేగాక ఉప్పూ కారం చల్లి, అన్నం పక్కన వడ్డించింది. ఆయన వచ్చి కూర్చున్నాడు. బాగా వేగిందన్నాడు. అలవాటుగా కంచంలో చెయ్యి పెట్టబోయి, పొగ చూసి ఆగాడు. చెయ్యి వెనక్కి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు.

"తినొచ్చా?" అని అడిగాడు.

ఆమె ఒక ముక్కని వేలితో ముట్టుకుంది.

"ఇంకాస్త ఆగండి," అంది.