అద్దకం మేస్త్రి ఊరేగింపు

కాలువలో విషం కలిపేవాళ్లు నశించాలంటూ ఊరేగింపు బయలుదేరింది. అద్దకం మేస్త్రిని అందరికంటే ముందు నిలబెట్టారు. బుర్ర సంగతెలా ఉన్నా తన గొంతు మాత్రం గట్టిదని ఆయనే ఒప్పుకుంటాడు.

సగం దారిలో, ఇంట్లో పొయ్యి మీద మరుగుతున్న ఎర్రరంగు గంగాళం ఆయనకు గుర్తొచ్చింది. చప్పుడు చేయకుండా ఇంటివైపు సందులోకి తిరిగాడు. దారి మారిందనుకుని మూడొందల మందీ వెనకే తిరిగారు. "మీరు అటు పోండయ్యా!" అని చెయ్యి ఊపి అరిస్తే, అదీ నినాదమే అనుకుని "పోండి! పోండి!" అంటూ దిక్కులు పిక్కటిల్లేలా అందుకున్నారు.

పెరటి గట్టున ఆయన భార్య, రోజూ ఆయన వంచినట్టే, గంగాళంలోని రంగునీళ్లు కాలువలోకి వంచుతోంది. ఆయన లెక్కలో అది విషం కాదు, వృత్తి. కాలువ ఎర్రబడింది. ముందువరస అక్కడే ఆగిపోయింది.

"పొయ్యి నేనే ఆర్పేశాలెండి. దానికి ఇంతమందిని వెంటేసుకొచ్చారేంటి?" అందామె.

వెనక, ఏమీ కనపడనివాళ్లెవరో "నశించాలి!" అన్నారు. జనమంతా అందుకున్నారు. అలవాటుకొద్దీ మేస్త్రి పిడికిలీ పైకి లేచింది. తన పెరట్లోనే నిలబడి, అందరికంటే గట్టిగా అరిచిందీ ఆయనే.