మొగ చూడబోయిన మడత కుర్చీ

నేను ఒక మడత కుర్చీని. టేకు చట్రం, మందపాటి గుడ్డ, రెండు చేతులు, నాలుగు కాళ్ళు. మడిస్తే చంకలో ఇమిడిపోతాను. నన్ను చేసింది మంథనిలో వడ్రంగి పని చేసే వడ్ల రాజమౌళి. ఒక నాటకాల కంపెనీలో హార్మోనియం వాయించే మాస్టారు ఆయన దగ్గరికి వచ్చి, ఊరూరా మోసుకుపోవడానికి వీలుగా ఒకటి కావాలన్నాడు. మాస్టారు భారీ మనిషి. రాజమౌళి ఆయన్ని ఎగాదిగా చూసి, నా కాళ్ళకు ఇంకొంచెం లావు కర్ర ఎంచాడు.

నాటకాల్లో నేను చాలా చూశాను. రాజు వేషం కట్టినవాడైనా, భటుడి వేషం కట్టినవాడైనా, తెర పడగానే ముందు వెతికేది కుర్చీనే. కంపెనీ మూతపడ్డాక మాస్టారు నన్ను మంథని బస్టాండు ఎదుటి టీ హోటల్లో వదిలి సొంతూరు వెళ్ళిపోయాడు. అక్కడ రోజూ బస్సు కోసం ఎదురుచూస్తూ నామీద కూర్చునేది వసుంధర టీచరు. పక్క ఊరి బడిలో భూగోళం చెప్పేది. ఆమె వస్తుంటే మిగతావాళ్ళు తమంతట తామే లేచి నన్ను ఖాళీ చేసేవారు. చివరికి హోటలాయన, "ఇది మీదే అయిపోయింది టీచరమ్మా, ఇంటికి తీస్కపోండ్రి" అన్నాడు.

అలా నేను ఆమె ఇంటికి చేరాను. వాళ్ళ వాకిలికి నాలుగడుగుల దూరంలో గోదావరికి దారి. ఆమె ఏటా పిల్లలకు గోడమీద పటం వేలాడదీసి, వేలితో నదిని సముద్రం దాకా తీసుకెళ్ళేది. ఒకసారి ఒక అమ్మాయి, "టీచర్, మీరు అక్కడికి పోయిన్రా?" అని అడిగిందట. ఆ సంగతి ఇంటికొచ్చి నామీద కూర్చుని తనలో తాను నవ్వుకుంటూ చెప్పుకుంది. ఆ తర్వాత చాలాసేపు నవ్వలేదు.

ఉద్యోగం అయిపోయేసరికి ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. అదే బడిలో డ్రిల్లు చెప్పిన రహమత్ టీచరు ఒక పొద్దున వచ్చి, "ఇంక ఎన్నేండ్లు మ్యాపుల జూస్తవే? పా, పోదాం" అంది. ఎక్కడికి అని వసుంధర అడగలేదు. నన్ను మడిచి చేత్తో పట్టుకుంది.

రైలు దిగాం, బస్సు దిగాం, పంటు పడవ మీద ఏరు దాటాం. అబ్బ, ఎన్ని నీళ్ళు అక్కడ. కొబ్బరితోటల మధ్య కాలువ, కాలువ దాటితే పాయ, పాయ మధ్యలో లంక. ఆ లంకలో అరటిగెలలు పడవెక్కుతుంటే, పక్క రేవులో పెళ్ళివారు బ్యాండుమేళంతో పడవ దిగుతున్నారు. కింద నీళ్ళున్నాయన్న ధ్యాసే ఎవరికీ లేదు. మా ఇద్దరు టీచర్లు మాత్రం పడవ ఊగినప్పుడల్లా నన్నే పట్టుకున్నారు.

మమ్మల్ని ఎక్కించుకున్న పడవ మల్లాడి వీరబాబుది. చేపలు పట్టే పల్లెకారుల ఊరు మొగలిలంక వాళ్ళది. నది సముద్రంలో కలిసేచోటును అక్కడ మొగ అంటారు. మొగ ఇంకా దూరంగా ఉండగానే పడవ అడుగు ఇసుకకు రాసుకుని ఆగిపోయింది.

"పాటు తీసేసిందండి, నీళ్ళు ఎనక్కెళ్ళిపోయాయి" అన్నాడు వీరబాబు. "ఇక్కణ్ణించి ఇసక మీద నడిచెళ్ళిపోవచ్చండి. అదిగో, ఆ తెల్లగా కనపడేదేనండి మొగ."

వసుంధర ఆ ఇసుకమేట కేసి చూసింది. తన మోకాళ్ళ కేసి చూసుకుంది. "ఈడికి చాలు. చూసినట్టే" అంది. అలా అంటున్నప్పుడు ఆమె వేళ్ళు నా చేతుల్ని ఎంత గట్టిగా పట్టుకున్నాయో నాకే తెలుసు.

ఒడ్డున మెత్తళ్ళ చేపలు ఆరబెడుతున్న ఆడవాళ్ళు ఇదంతా వింటున్నారు. వాళ్ళలో వీరబాబు అక్క నూకరత్నం లేచి వచ్చింది.

"పడవ తిప్పేత్తన్నావేంట్రా?"

"ఈవిడకి మోకాళ్ళ నొప్పులంటక్కా. నడవలేరు."

"నడవడమెందుకు? కుర్చీ ఉంది కదా." ఆమె వెనక్కి తిరిగి కేకేస్తే రెండు వెదురుగడలు వచ్చాయి. వాటిని నా చేతుల కింద కట్టేశారు.

"వద్దమ్మా" అంది వసుంధర. "మనుషుల భుజాల మీద నేను ఎన్నడు పోలే."

"తడిసిన వలనే మోసేత్తామండి, మీరెంత? అదైతే ఇలా మాటాడదు కూడాను. కూర్చోండి."

నూకరత్నంతో కలిపి నలుగురు ఆడవాళ్ళు లేపారు. వసుంధర సిగ్గుతో కళ్ళు మూసుకుంది. కొంతదూరం పోయాక నూకరత్నం, "మీదే ఊరండి?" అని అడిగింది.

"మంథని. మాది గూడ గోదావరి ఒడ్డే."

"ఈ గోదారేనా?"

"ఇదే. ఎండకాలం మా దగ్గర బండలు తేల్తయి. నడిచి దాటుతం."

"గోదారిని నడిచి దాటేత్తారా? ఇన్నావటే?" నూకరత్నం పక్కామెతో అంటూ పకపకా నవ్వింది. నలుగురూ నవ్వారు. నవ్వుతో అడుగులు తప్పాయి. నేను ఒకవైపు ఒరిగి ఇసుకలో పడ్డాను. రాజమౌళి లావుగా పెట్టిన కాలు టప్పున విరిగింది. వసుంధర ఇసుకలో కూలబడింది.

నవ్వులు ఆగిపోయాయి. రహమత్ టీచరు మాత్రం నడుము మీద చేతులేసుకుని, "దెబ్బ తాకలే, నేను జూసిన. లే. పిల్లగాండ్లకు చెప్పినట్టు చెప్తున్న, లే" అంది.

వసుంధర చీరకంటిన ఇసుక చూసుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఒక చెయ్యి నూకరత్నం భుజం మీద, ఒక చెయ్యి రహమత్ భుజం మీద వేసి లేచింది. నన్ను అక్కడే వదిలి నడవసాగారు.

నేను మొగ చూడలేదు. వాళ్ళ వీపులు చూశాను. ఎన్నోసార్లు ఆగారు, కూర్చున్నారు, మళ్ళీ లేచారు. ఆఖరికి తెల్లటి నురగ దగ్గర వసుంధర రెండు భుజాలూ వదిలేసి ఒంటరిగా నిలబడింది. ఆమె అంత నిటారుగా నిలబడగా నేనెప్పుడూ చూడలేదు.

తిరిగొచ్చేసరికి చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. "మ్యాపుల నది ఒక గీత కాడ ఆగిపోతది రహమత్" అంటోంది. "ఆ గీత యాడున్నదో నాకు కానరాలే."

విరిగిన కాలితో నన్ను మంథని మోసుకుపోవడం ఎందుకని ఆమె నన్ను నూకరత్నానికి ఇచ్చేసింది. పడవెక్కుతూ, "ఈసారి నువ్వు రావాలె" అని చెయ్యి పట్టుకుంది. వీరబాబు నా కాలికి చెక్క వేసి వలతాడుతో బిగించాడు. పాత గుడ్డ చిరిగితే నీలంరంగు వలముక్క అల్లారు. ఇప్పుడు ఒళ్ళంతా గాలే. చేపల వాసన మొదట్లో ఇబ్బంది పెట్టింది కానీ, ఇప్పుడు అది లేకపోతే తోచదు.

తర్వాతి ఎండాకాలం నూకరత్నం నిజంగానే మంథని వెళ్ళింది. తిరిగొచ్చిన సాయంత్రం నామీద కూర్చుంటే, ఆడవాళ్ళంతా మెత్తళ్ళు వదిలి చుట్టూ మూగారు.

"ఎలా ఉందే అక్కడ?"

ఆమె మొగ వైపు చూసింది. "చిన్నపిల్లలా ఉందే గోదారి. బండల మజ్జన గెంతులేసుకుంటా ఆడుకుంటంది. చూత్తే ఎత్తుకోవాలనిపించింది. మనకాడికొచ్చేసరికి ఎంతదైపోయిందో చూడు."

అందరూ నీళ్ళకేసే చూస్తున్నారు. కాసేపటికి పక్కనున్నామె నూకరత్నం భుజం తట్టింది.

"సర్లే, ఇంక లే. కుర్చీ నా వంతు."