డ్రమ్స్ గదిలో మూడో గొంతు

కోఎంజీ పేటలో ఒక నేలమాళిగ స్టూడియో. 'పచ్చిగుడ్డు' పంక్ బ్యాండ్‌లో ఉన్నది ఇద్దరే: గిటార్ కొడుతూ పాడే రోకుతా, డ్రమ్స్ వాయించే త్సుగుమి. రోకుతా అరిస్తే పక్కింటి కుక్కరు విజిల్ వేస్తుందని పేరు. అలాంటివాడు అప్పుడే రికార్డు చేసిన పాట వింటూ నోరు మూసుకున్నాడు.

పాటలో ఇంకెవరిదో గొంతు. డ్రమ్స్ వెనకనుంచి, దగ్గు ఆపుకుంటున్నట్టు.

మళ్ళీ పెట్టి విన్నారు. దగ్గు ఈసారి ఇంకాస్త దగ్గరికొచ్చింది.

సౌండ్ ఇంజనీర్ నిషివాకి గారి మొహం వెలిగిపోయింది. "అదృష్టవంతులమ్మా. దెయ్యం గొంతు పడిన ఆల్బమ్ హిట్ అవకుండా ఉండదు. మా లైన్లో అందరికీ తెలుసు."

"ఆ గదిలో కూర్చునేది మీరు కాదుగా," అంది త్సుగుమి.

"ఒక్క పాటే మిగిలింది. రేపట్నించి స్టూడియో వేరేవాళ్ళది. ఇవాళ అవకపోతే ఆల్బమ్ లేనట్టే," అన్నాడు రోకుతా. "జనాన్ని తిడుతూ ఇన్ని పాటలు రాశావ్, దగ్గుకి భయమా?"

"జనం కనిపిస్తారు."

త్సుగుమి ఉప్పు కొనుక్కొచ్చింది. చెడు సోకకుండా వాళ్ళ బామ్మ తన హోటల్ ముందు పెట్టినట్టే, డ్రమ్స్ గది గుమ్మానికి బయట అటూ ఇటూ చిన్న కుప్పలు పోసింది. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

కాళ్ళు ఎంత వణికాయంటే పాట రెండింతలు వేగంగా పరిగెత్తింది. రోకుతా గిటార్ వెనకాలే పడుతూ లేస్తూ వచ్చింది. పాట అయిపోగానే మెడ మీద చల్లగా ఊపిరి తగిలింది. తర్వాత ఆ చలి ఆమెను దాటి తలుపు దాకా వెళ్ళింది. పిడి తనంతట తానే తిరిగింది. ఆగింది. మళ్ళీ తిరిగింది.

"రోకుతా, పిడి తిప్పుతున్నది నువ్వేనా?" అంది మైకులో.

"నేనిక్కడ నిషివాకి గారి పక్కనే ఉన్నాగా."

హెడ్‌ఫోన్స్‌లో నిషివాకి గారి గొంతు సన్నబడింది. "అమ్మా, ఉప్పు బయటినుంచి వచ్చేవాళ్ళని ఆపడానికి. ఆ దగ్గే ఆయన లోపలే ఉన్నాడుగా. ఇక ఎలా పోతాడు?"

త్సుగుమి మైకు దగ్గరికి లాక్కుంది. "రోకుతా... ఆ ఉప్పు తీసెయ్."

"నేనా?"

"నువ్వే. పంక్‌వి కదా."

పంక్ కళ్ళు మూసుకుని వచ్చి చొక్కా చేతితో ఉప్పు తుడిచేశాడు. తలుపు మెల్లగా తెరుచుకుంది. ముగ్గురి చెవుల్లోనూ ఒక ముసలి గొంతు, ఆఫీసులో పని ముగించుకున్నవాడిలా మర్యాదగా అంది: "మీకంటే ముందు వెళ్తున్నాను, ఏమీ అనుకోకండి."

"శ్రమపడ్డారండీ," అంటూ, పని ముగించి వెళ్ళేవాళ్ళని సాగనంపే అలవాటుకొద్దీ ముగ్గురూ నడుము వంచారు.

పాట రికార్డయింది, ఆల్బమ్ పూర్తయింది. త్సుగుమి మాత్రం ఇంకా వంగే ఉంది. తలెత్తితే గుమ్మంలో ఎవరైనా తిరిగి వంగుతూ కనిపిస్తారేమోనని.